పద్దెనిమిది పేజీల తెలుగు

గురజాల ఆర్డీవో ఆఫీసు గోడవారన, జిరాక్సు షాపుకీ టీ బంకుకీ నడుమ ఒక రేకుల పంచ ఉంది. ఆ పంచ కింద ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మూత సరిగ్గా పడని ఒక పాత లాప్‌టాపు, వాటి వెనక కరీమున్నీసా. పదకొండేళ్ళుగా ఆమె అక్కడ అర్జీలు రాస్తోంది. పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు పడినవాళ్ళు, పింఛను ఆగిన ముసలివాళ్ళు, సర్వే నంబరు పక్కవాడి పొలంలోకి జరిగిపోయిన రైతులు, అందరూ ముందు ఆమె దగ్గర కూర్చుని, ఆ తర్వాతే ఆఫీసు గేటు దాటి లోపలికి పోతారు.

ఆమెకు ఊళ్ళో ఇంకో పేరుంది. అనుమానాల కరీమమ్మ. తను రాసిన కాగితాన్ని తనే నమ్మదని, అచ్చయ్యాక వేలు పెట్టి అక్షరం అక్షరం మళ్ళీ చదువుతుందని నవ్వుకుంటారు. ఆమె భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. "అందర్నీ అనుమానిస్తే తిన్న అన్నం ఎట్టా అరుగుద్దే నీకు?" అని అతనూ అంటుంటాడు.

ఆ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. అర్జీలు రాయకముందు ఆమె పద్నాలుగేళ్ళు కోర్టు దగ్గర ఒక వకీలు కింద టైపిస్టు. అఫిడవిట్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ప్రతిదాని చివరా ఒకే వాక్యం: పై విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించగా విని, అర్థం చేసుకుని, సరియని ఒప్పుకుని సంతకం చేశారు. ఆ వాక్యాన్ని ఆమె కొన్ని వేల సార్లు కొట్టి ఉంటుంది. నిజంగా చదివి వినిపించడం మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని సార్లే చూసింది. ఒకరోజు రెంటచింతల నుంచి వచ్చిన ముసలమ్మ, బొటనవేలికి సిరా అంటించుకుని, "ఏముంది తల్లీ ఇందులో?" అని అడిగింది. కరీమున్నీసా ఉన్నదున్నట్టు చెప్పింది. "నీ వాటా మీ తమ్ముడికి వదులుకుంటున్నట్టు ఉందవ్వా." ముసలమ్మ వేలు వెనక్కి లాక్కుంది. సిరా కాగితమంతా పాకింది. మర్నాటి నుంచి రావద్దన్నాడు వకీలు. ఆమె కూడా ఎందుకని అడగలేదు.

కిందటేడు మార్చిలో, కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, అంకమ్మ వచ్చింది. కారంపూడి అవతల చింతగుండ్ల ఆమెది. వయసు అరవై దాటింది. ఊరి బీడుకి ఆనుకుని ఎకరన్నర అసైన్డ్ భూమి ఉంది. ఆమె చంకలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి పెళ్ళి పత్రికంత పలచన, రెండోది ఇటుకంత మందం.

"సూర్యుణ్ణి చేస్తారంట అమ్మాయ్ మా బీళ్ళల్లో," అంది కుర్చీలో కూలబడుతూ.

"ఏందత్తా?"

"సూర్యుణ్ణి. చిన్న సూర్యుణ్ణంట. డబ్బాలో బెట్టి కరెంటు తీస్తారంట. ఉన్న సూర్యుడితోనే రెంటచింతలోళ్ళు మాడి చస్తన్నారు, ఇంకోటి దేనికయ్యా అంటే, ప్రెసిడెంటు నవ్వి, నీకు తెలవదులే, ఒప్పుకున్నట్టు వేలిముద్ర ఎయ్ అన్నాడు."

"వేశావా?"

"ఎయ్యలా. కళ్ళం కాడ పనుందని చెప్పి ఇట్టొచ్చా. చిన్నదేమో ఊరంతా పంచారు. పెద్దది పంచాయతీ ఆఫీసులో బీరువా మీదుంటే నెహెమ్యా బాబు తీసిచ్చాడు. చదివేవోళ్ళకిచ్చి మళ్ళీ తెచ్చియ్యమన్నాడు."

నెహెమ్యా ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి. కరీమున్నీసాకు మొదటి అనుమానం అతని మీదే వచ్చింది. సర్కారు ఉద్యోగి అడగ్గానే పుస్తకం చేతికిచ్చాడంటే దాని వెనక ఏదో ఉండాలి. ఫోన్ చేసి అడిగింది. "రూల్ ప్రకారం ఎవరడిగినా చూపించాలమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలా," అన్నాడతను. గొంతులో తడబాటు లేదు. అయినా ఆమె ఆ మాటను పూర్తిగా నమ్మలేదు.

పలచటి పుస్తకం తెలుగులో ఉంది, పద్దెనిమిది పేజీలు. మందపాటిది ఇంగ్లీషు, నూట అరవై పైచిలుకు. విషయం ఒకటే. నక్షత్రాల లోపల జరిగే పనిని భూమ్మీద చేసి విద్యుత్తు తీయడం మీద పరిశోధన కోసం కేంద్రం కొత్త విధానం తెచ్చింది. దాని కింద రెండు విదేశీ సంస్థలతో కలిసి ఒక పరీక్షా కేంద్రం కట్టాలి. అందుకు చూసిన నాలుగు చోట్లలో చింతగుండ్ల బీడు ఒకటి. నెల తర్వాత ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ సభ.

నాలుగు రోజులు ఆమె రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించుకుంటూ చదివింది. తెలుగు మూడో పేజీలో 'కేంద్రక విచ్ఛిత్తి' అని ఉంది. ఏడో పేజీలో 'కేంద్రక సంలీనం' అని ఉంది. జిరాక్సు షాపులో ఇంటర్ పిల్లలు వదిలేసిన ఫిజిక్స్ గైడు ఉంటే తెచ్చి చూసింది. విచ్ఛిత్తి అంటే పగలడం. సంలీనం అంటే కలవడం. ఒకటి ఇప్పుడున్న అణు కరెంటు, ఇంకొకటి ఇంకా ఎవరూ ఇళ్ళకి ఇవ్వలేకపోయిన కరెంటు. ఇంగ్లీషులో మాత్రం మొదటినుంచి చివరిదాకా ఒకటే మాట ఉంది, ఫ్యూజన్ అని, అంటే సంలీనం. తర్జుమా చేసినవాడికి ఆ రెంటికీ తేడా తెలియదు, లేదా తెలిసినా పట్టలేదు.

అంతవరకైతే అచ్చుతప్పు అనుకునేది. పదకొండో పేజీ దగ్గర ఆమె స్కేలు ఆగిపోయింది. తెలుగులో ఇలా ఉంది: ఈ కేంద్రంలో ఎటువంటి రేడియోధార్మిక పదార్థాలూ వాడబడవు. ఇంగ్లీషు తొంభై నాలుగో పేజీలో అదే పేరాకి ముందు 'మొదటి దశలో' అని ఉంది. దాని కింద ఇంకో పేరా. రెండో దశలో, అనుమతులకు లోబడి, పరిమిత పరిమాణంలో ట్రిటియం వాడబడును. తెలుగు పుస్తకంలో రెండో దశ అన్న మాటే లేదు.

ఆమె గైడు మళ్ళీ తిరగేసింది. ట్రిటియం అంటే రేడియోధార్మిక హైడ్రోజన్ అని ఒక్క లైను ఉంది. ఆ పూట ఆమె టీ కూడా తాగలేదు.

ఆదివారం బస్సెక్కి కారంపూడిలో దిగి, ఆటోలో చింతగుండ్ల పోయింది. ఊరు అప్పటికే రెండుగా చీలింది. కేంద్రం వస్తే బాగుపడతామనేవాళ్ళు ఒకవైపు. వద్దనేవాళ్ళలో యురేనియం తవ్వుతారని కొందరు, బాంబులు దాస్తారని కొందరు, పిల్లలు వంకర కాళ్ళతో పుడతారని ఇంకొందరు. అంకమ్మ వాకిట్లో పాతికమంది చేరారు.

"కాగితంలో బాంబు లేదు," అంది కరీమున్నీసా. "యురేనియం కూడా లేదు. లేనిది ఉందని నేను చెప్పను."

"మరి ఏముంది?" అన్నాడు ముందు వరసలో మనిషి, నిరాశపడ్డట్టు.

"తెలుగులో ఒకటుంది, ఇంగ్లీషులో ఇంకోటుంది. ఏది నిజమో రాసినోళ్ళు చెప్పాలి."

ఆ జవాబు అక్కడ ఎవరికీ నచ్చలేదు. వద్దనేవాళ్ళకు భయపెట్టే మాట కావాలి, కావాలనేవాళ్ళకు ధైర్యం చెప్పే మాట కావాలి. ఆమె దగ్గర రెండూ లేవు.

ఆమె వచ్చిందని తెలిసి మాజీ ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావు కబురు పెట్టాడు. పదవి పోయి ఆరేళ్ళయినా ఊరంతా ఆయన్ని ప్రెసిడెంటు గారనే పిలుస్తారు. బీడుకి పోయే దారి పక్కన ఆయనకు ముప్ఫై ఎకరాలున్నాయి, కేంద్రం కడితే వాటి ధర పెరుగుతుంది. మజ్జిగ ఇప్పించి, ఎదురుగా కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలవందేముంది. మా ఊరికి రోజుకి రెండు బస్సులు. కాలేజీ లేదు. బోర్లు ఎండినయ్. ఢిల్లీవోడు మా ఊరి పేరు పలకడం నా జన్మలో ఇదే మొదలు. చెడగొట్టమాక."

"నేను చెడగొట్టడానికి రాలేదన్నా. ఈ పదకొండో పేజీ మీరు చదివారా?"

ఆయన పుస్తకం వైపు చూడలేదు. "ఆ ప్రాజెక్టు ఆఫీసులో తెలుగూ ఇంగ్లీషూ వచ్చిన ఆడమనిషి కావాలంట. నీ పేరు చెబుదామనుకుంటన్నా."

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. ముప్ఫై ఎకరాల గురించి ఆమెకు ముందే తెలుసు. అయితే బస్సుల గురించీ బోర్ల గురించీ చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో కనిపించింది నటన కాదు. అదే ఆమెను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. పూర్తిగా దొంగయితే అనుమానించడం తేలిక.

సభకు ఎనిమిది రోజుల ముందు, పొద్దున పదింటికి, రేకుల పంచ ముందు తెల్ల జీపు ఆగింది. నలభై ఏళ్ళామె దిగింది. కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు.

"కరీమున్నీసా గారంటే మీరేనా అండీ? నా పేరు వాసంతి. ఈ ప్రాజెక్టు సైంటిస్టుని. మాది నరసరావుపేటే."

మాది నరసరావుపేటే అన్న మాట దగ్గరే కరీమున్నీసా జాగ్రత్తపడింది. మన ఊరివాళ్ళమంటూ మొదలుపెట్టిన సంభాషణలు ఎక్కడ తేలతాయో ఆమె కోర్టులో చూసింది.

"ఎవరు చెప్పారు నా గురించి?"

"ఊళ్ళో ఒకావిడ రెండు పుస్తకాలూ చదువుతోందని విన్నాను. మా డ్రాఫ్టు మొత్తం చదివినవాళ్ళు మా ఆఫీసులోనే నలుగురుండరు. చూద్దామని వచ్చాను."

కరీమున్నీసా కుర్చీ చూపించింది. ఫోన్‌లో రికార్డింగు పెట్టి బల్ల మీద ఉంచింది. "మీకు అభ్యంతరమా?" లేదంది వాసంతి.

తర్వాత గంటసేపు ఆమె చెప్పింది, ఈమె అడిగింది. బరువైన పరమాణువుని పగలగొడితే వచ్చే వేడి వేరు, తేలికైన రెంటిని కలిపితే వచ్చే వేడి వేరు అంది వాసంతి. కలపాలంటే కోట్ల డిగ్రీల వేడి కావాలి, ఏది తేడా వచ్చినా ఆ మంట దానంతటది ఆరిపోతుంది, పేలదు. ఫ్రాన్సులో ఇందుకోసం ఒక పెద్ద యంత్రం కడుతున్నారు. ఏడు పక్షాలు కలిసి కట్టేది. అందులో మన దేశం ఒకటి. మనవాళ్ళు చేసిన భాగాలు ఓడల్లో అక్కడికి పోయాయి. ఏ ఒక్క దేశం వల్లా అయ్యే పని కాదు కాబట్టే అందరూ కలవాల్సి వచ్చింది.

"ఈ ట్రిటియం?"

"ఉంటుంది. రెండో దశలో, గ్రాముల్లో. దాని కిరణం చర్మం దాటి లోపలికి పోదు. పన్నెండేళ్ళకి సగం అయిపోతుంది."

"నీళ్ళల్లో కలిస్తే?"

వాసంతి బల్ల మీది ఫోన్ వైపు చూసింది. "కలుస్తుంది," అంది చివరికి. "హైడ్రోజనే కాబట్టి నీళ్ళల్లో నీళ్ళయిపోతుంది. తాగితే ఒంట్లోకి పోతుంది. అందుకే బయటికి రాకుండా రెండు మూడు గోడలు కడతాం, చుట్టూ బావుల్లో నీళ్ళు పరీక్ష చేస్తాం. అదంతా నూట పన్నెండో పేజీలో ఉంది."

"ఉంది. చదివాను. ఇది చదవండి." కరీమున్నీసా తెలుగు పుస్తకం పదకొండో పేజీ తీసి ముందు పెట్టింది.

వాసంతి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత పేజీ తిప్పి, ఆ తర్వాతది తిప్పి, రెండో దశ కోసం వెతికింది. ఆమె ముఖం పాలిపోవడం కరీమున్నీసా చూసింది. అది నటనా కాదా అని కూడా చూసింది.

"ఇది... కన్సల్టెన్సీవాళ్ళు చేయించారు. నేను తెలుగుది చూడలేదు."

"మీది నరసరావుపేటే కదండీ."

వాసంతి తల దించుకుంది. "నేను చూడాల్సింది," అంది. గొంతు తగ్గించి, "మీరో సాయం చెయ్యాలి. సభలో ఇది లేవనెత్తకండి. నేను దిద్దిస్తాను, మాటిస్తున్నాను. వచ్చే నెల విదేశీ భాగస్వాముల రివ్యూ ఉంది. సభ చెడిందంటే ఈ చోటు లిస్టులోంచి పోతుంది," అంది.

"దిద్దాకే సభ పెట్టండి."

"తేదీలు నా చేతిలో లేవండీ."

"అట్టాగైతే నా నోరూ నా చేతిలో లేదు." కరీమున్నీసా రికార్డింగు ఆపింది. "ఒక్కటడుగుతాను మేడమ్. ఆ ఫ్రాన్సు యంత్రంలో ఏడు పక్షాలన్నారు. ఒక బోల్టు మారినా అందరికీ కాగితం పోతుందా?"

"పోతుంది."

"మీ ఈ ఒప్పందంలో చింతగుండ్ల ఎన్నో పక్షం?"

వాసంతి తెలుగు పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి లేచింది. జీపు వెళ్ళిపోయాక కరీమున్నీసా ఆ రికార్డింగుని మూడుచోట్ల దాచింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు పెద్దలు.

సభనాడు చింతగుండ్ల స్కూలు ఆవరణలో షామియానా వేశారు. బందోబస్తుకి రెండు వ్యాన్ల పోలీసులు. వేదిక మీద అధికారులు, వాసంతి, ఆమె పక్కన సూటు వేసుకున్న కన్సల్టెన్సీ మనిషి. ముందు నాలుగు వరసలూ త్రికోటేశ్వరరావు మనుషులే. ఒకరి తర్వాత ఒకరు లేచి, స్వాగతిస్తున్నామని అప్పజెప్పినట్టు చెప్పి కూర్చున్నారు. కరీమున్నీసా పేరు జాబితాలో ముప్ఫై ఒకటోది. ముప్ఫయ్యోవాడు మాట్లాడాక ముప్ఫై రెండో పేరు పిలిచారు.

ఆమె లేచి నిలబడింది. "ముప్ఫై ఒకటి నాది."

"సమయం లేదమ్మా," అన్నాడు మైకు దగ్గరున్నవాడు.

వెనక నుంచి అంకమ్మ కేక వేసింది. "ఒరేయ్, ఆ పిల్లకి మైకియ్యి! నా భూమిరా అది, నీది కాదు."

అధ్యక్షత వహించిన అధికారి చెయ్యెత్తి ఇవ్వమన్నాడు. కరీమున్నీసా మైకు అందుకుంది. పాతికేళ్ళుగా ఎవరో ఒకరి తరఫున రాయడమే గానీ, నోరు తెరిచి నలుగురిలో మాట్లాడింది లేదు. వ్యాఖ్యానం ఏమీ చెయ్యలేదు. తెలుగు పదకొండో పేజీ చదివింది. ఇంగ్లీషు తొంభై నాలుగో పేజీ చదివి, దాన్ని మాటకి మాట తెలుగులో చెప్పింది. తర్వాత మూడో పేజీ, ఏడో పేజీ. అంతే.

ఒక నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక షామియానా కింద తేనెపట్టు కదిలినట్టయింది. కుర్చీలు పడ్డాయి. వెనక వరసల్లో ఆడవాళ్ళు లేచి ముందుకి వచ్చారు. త్రికోటేశ్వరరావు లేచి, "ఎవరు పంపారు నిన్ను? ఈ ఊరిదానివా నువ్వు? ఎవరి మనిషివి?" అని అరిచాడు. కన్సల్టెన్సీ మనిషి మైకందుకుని, అనువాదంలో చిన్న పొరపాట్లు సహజమనీ, ఆమె సాంకేతిక పదాలను అపార్థం చేసుకుందనీ అన్నాడు.

అప్పుడు వాసంతి లేచింది. ఆమె ఏం చెబుతుందో కరీమున్నీసాకు తెలుసు, తెలుసని అనుకుంది. ఫోన్ తీసి రికార్డింగు సిద్ధంగా పట్టుకుంది.

"ఆవిడ చదివింది నిజమండీ," అంది వాసంతి. "అపార్థమేం లేదు. తెలుగు పుస్తకం తప్పు. నేను చూడకుండా వదిలేశాను. తప్పు కాగితం మీద మీ అభిప్రాయం తీసుకోవడం న్యాయం కాదు."

కరీమున్నీసా చెయ్యి కిందికి దిగింది. ఆ రికార్డింగు ఎవరికీ వినిపించాల్సిన పని పడలేదు. సభ వాయిదా పడింది. దిద్దిన తెలుగు ప్రతి ఇచ్చాక మళ్ళీ పెడతామని మినిట్సులో రాశారు. ఆ మినిట్సు కాపీ చేతికి అందేదాకా కరీమున్నీసా అక్కణ్ణుంచి కదల్లేదు.

నెల తర్వాత దిద్దిన ప్రతి వచ్చింది, అరవై రెండు పేజీలు. అచ్చుకి ముందు చూడమని వాసంతి స్వయంగా పంపింది. ఇదీ ఒక ఎరేమోనని రెండు రోజులు దాన్ని తెరవలేదామె. ఏ తప్పున్నా రేపు 'కరీమున్నీసా చూసిందే కదా' అంటారు. చివరికి తన పద్ధతిలో తను చేసింది. అంకమ్మను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కో పేరా చదివి, "ఏం అర్థమైందో చెప్పత్తా" అనేది. అంకమ్మ తన మాటల్లో చెప్పేది. చెప్పలేకపోతే ఆ వాక్యం పక్కన ఇంటూ.

"'ద్వితీయ నిరోధక ఆవరణం' అంటే?"

"నాకేం తెలుసే."

"ఇంకో గోడ."

"అట్టా ఏడవచ్చుగా మరి!"

అలా పది రోజులు పట్టింది. నలభై ఒక్క ఇంటూలు. వాసంతి వాటిలో ముప్ఫై ఎనిమిది మార్చింది. మార్చని మూడింటికీ కారణాలు రాసి పంపింది. ఆ కారణాలు సబబుగానే ఉన్నాయని కరీమున్నీసా ఒప్పుకుంది, రెండు సార్లు చదివాక.

రెండో సభ ఆగస్టులో జరిగింది. ఈసారి ముందు వరసల్లో ఎవరి మనుషులని చెప్పడం కష్టం. మూడు గంటల చర్చ తర్వాత ఊరు నాలుగు షరతులు పెట్టింది. రెండో దశకి ముందు మళ్ళీ సభ పెట్టాలి. ప్రతి మూడు నెలలకీ బోర్ల నీళ్ళ పరీక్ష ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి. విదేశీ భాగస్వాములకు పంపే భద్రతా నివేదిక ఊరికీ ఒకటి పంపాలి. అసైన్డ్ భూములకు బదులు భూమి చూపించాలి. వాటి మీద అంకమ్మ వేలిముద్ర వేసింది. త్రికోటేశ్వరరావు సంతకం పెట్టాడు. పెడుతూ, "ఈ పని మొదటిసారే చేసుంటే నాలుగు నెలలు కలిసొచ్చేది," అన్నాడు. అది ఎవరి మీద విసిరిన రాయో తెలియకుండా అన్నాడు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. బీడులోనూ అంకమ్మ భూమిలోనూ పాతిన సర్వే రాళ్ళు పాతినట్టే ఉన్నాయి. జీపులు రావడం తగ్గింది, తర్వాత ఆగిపోయింది. వాసంతి ఫోను మొదట్లో మోగేది, పిమ్మట వేరే ఎవరో ఎత్తి, మేడమ్ డెప్యుటేషన్ మీద వెళ్ళారన్నారు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. జనవరిలో పంచాయతీకి ఒక ఉత్తరం వచ్చింది. నెహెమ్యా దాన్ని ఫోటో తీసి కరీమున్నీసాకు పంపాడు. మొత్తం అయిదు లైన్లు. భాగస్వామ్య సంస్థల ప్రాధాన్యాలు మారినందున స్థలం ఎంపిక ప్రక్రియను పునస్సమీక్షిస్తున్నామని.

రెండు రోజులకి త్రికోటేశ్వరరావు రేకుల పంచ ముందు దిగాడు. ఎప్పుడూ తెల్లగా మెరిసే చొక్కా ఆవేళ నలిగి ఉంది.

"కడుపు చల్లబడిందా చెల్లెమ్మా?"

ఆమె కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

"సముద్రం పక్కన ఇంకెక్కడో కడతన్నారంట. అక్కడ ఎవరూ పుస్తకాలు చదవలా అంట."

"అన్నా, ఉత్తరంలో సభ సంగతి లేదు. వాళ్ళ ప్రాధాన్యాలు మారాయని ఉంది."

"కాగితంలో అన్నీ రాస్తారా?" అన్నాడాయన. "ఆ మాట నీకు నేను చెప్పాలా?"

పాతికేళ్ళుగా తను లోకాన్ని చూసిన చూపే అది. ఎదుటివాడి నోట విన్నాక అది ఎంత పదునో తెలిసింది. తన మూలంగానే పోయిందా? నాలుగు నెలల ఆలస్యమే కారణమా? లేక నాలుగు చోట్లలో చింతగుండ్లను మొదటినుంచీ లెక్కకోసమే పెట్టారా? వాసంతి ఆరోజు నిజం చెప్పింది నిజాయితీతోనా, ఈ చోటు ఎలాగూ పోతుందని ముందే తెలిసా? ఆ ఆఖరి ప్రశ్న వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అది పోలేదు.

"కూర్చోండన్నా," అంది. "ఎందుకు మారిందో అడుగుదాం."

"ఎవర్ని?"

"వాళ్ళనే. సమాచార హక్కు కింద. నా పేరుతో వేస్తే ఈ ఊరిదానివా అంటారు. మీ పేరుతో వేద్దాం."

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. ఆ చూపులో స్నేహం లేదు. ఇందులో ఏం తిరకాసుందోనని తూకం వేస్తున్న చూపు. చివరికి కూర్చున్నాడు. ఆమె టైపు చేసింది. స్థలాల మదింపులో చింతగుండ్లకు వచ్చిన మార్కులెన్ని? భాగస్వాముల రివ్యూ ఏ తేదీన జరిగింది? సభ వాయిదాను అందులో ప్రస్తావించారా?

ముప్ఫై రోజులకు జవాబు వచ్చింది. విదేశాలతో సంబంధాల దృష్ట్యా అడిగిన వివరాలు ఇవ్వడం కుదరదని. కరీమున్నీసా మొదటి అప్పీలు వేసింది. దాని మీద త్రికోటేశ్వరరావు మళ్ళీ సంతకం పెట్టాడు. ఇప్పుడాయన నెలకోసారి గురజాల వస్తాడు. జవాబొచ్చిందా అని అడుగుతాడు, రాలేదంటే వెళ్ళిపోతాడు. ఇద్దరి మధ్యా ఇంకో మాట ఉండదు.

మొన్న అంకమ్మ వచ్చింది, కోడలి ఆధార్ పని మీద. అప్పీలు సంగతి విని, "మన మూలానే పోయిందంటావా అమ్మాయ్?" అని అడిగింది.

"పోయుండొచ్చత్తా," అంది కరీమున్నీసా. "కాకపోయుండొచ్చు కూడా. నాకు తెలవదు."

అంకమ్మ కోడలి కాగితాలు బల్ల మీద సర్దింది. "రోడ్డన్నా వచ్చేదే," అంది. తర్వాత, "ఆ రాళ్ళ మధ్యన కంది చల్లా. బాగానే మొలిచింది. రేపటేల మళ్ళీ వచ్చి పీకమంటారా ఏంది?"

అనరని చెప్పడానికి కరీమున్నీసా నోరు తెరిచింది. చెప్పలేదు. లాప్‌టాపు మూత ఎత్తి, "నీ పట్టా నంబరు చెప్పత్తా," అంది. "పంట వేసినట్టు ముందే ఒక అర్జీ పెట్టి ఉంచుదాం."